ఏటవాలు వెలుతురులో అక్షరాలు

జంగారెడ్డిగూడెం నుంచి కామవరపుకోట మీదుగా జీలకర్రగూడెం వెళ్తుంటే దారిపొడుగునా పొగాకు బ్యారన్లు, పామాయిల్ తోటలు. ఆ ఊరి కొండమీదివే గుంటుపల్లి గుహలు. గుండ్రటి చైత్యగృహంలోకి వంగి వెళ్లి తలెత్తితే కప్పుకు వాసాలు కనిపిస్తాయి. కొయ్యవి కావు, కొయ్యలా తొలిచిన రాతివి. వచ్చినవాళ్లంతా అక్కడ నిలబడిపోతారు. నన్ను మాత్రం ఇక్కడి మండపం స్తంభాల మీద దొరికిన ఒక చిన్న శాసనం వదిలిపెట్టదు. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. మహామేఘవాహన వంశపు సిరిసదుడు కళింగ, మహిషక దేశాలకు మహారాజు. ఆయన కొలువులో లేఖకుడైన చుళగోముడు ఈ మండపాన్ని దానం ఇచ్చాడని అందులో ఉంది. రాజులను పొగిడిన శాసనాలు మనకు కొల్లలు. రాతకోతలు చూసుకునే ఉద్యోగి తన పేరు చెప్పుకున్నవి ఎన్ని?

ఈ నాలుగు మాటలు మనదాకా రావాలంటే ఎవరో ఒకరు రాతి ముందు కూర్చోవాలి. అదొక విద్య, చేతిపని కూడా. ముందు రాతిని నీళ్లతో కడిగి, నాచూ మట్టీ కుంచెతో తీసేస్తారు. తడిపిన దళసరి కాగితాన్ని రాతిమీద పరిచి, గట్టి కుచ్చు బ్రష్షుతో మెల్లగా కొడతారు. కాగితం ప్రతి గాడిలోకీ దిగాలి, కానీ చిరగకూడదు. తడి కాస్త ఆరాక, బట్ట చుట్టిన మెత్తని అద్దుడు గుత్తితో నల్లసిరా తడతారు. రాతి నేల నల్లగా, అక్షరం తెల్లగా తేలుతుంది. ఆరిన కాగితాన్ని ఊడదీస్తే శాసనం చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. దీన్నే ఎస్టాంపేజీ అంటారు. గ్రీకు చరిత్ర పండితులు ఏథెన్సు తీర్మానాల రాళ్ల మీద తడి కాగితం కొట్టి ముద్ర తీసేదీ దాదాపు ఇలాగే. పెరికిలీజు కాలపు లెక్కలైనా మన అగ్రహారం సరిహద్దులైనా పండితుడి బల్లమీదికి కాగితంగానే వస్తాయి.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. పాత లిపిలో ‘చ’, ‘వ’ ఒకదానికొకటి మారువేషంలా ఉంటాయి. రాయి పెచ్చు లేచిన చోట గుడి దీర్ఘం ఉందో లేదో తేలదు. తేదీ చూడబోతే అంకెల్లో ఉండదు, మాటల్లో దాక్కుని ఉంటుంది. ఉదాహరణకు శర, వేద, అగ్ని, చంద్ర అని ఉందనుకుందాం. బాణాలు 5, వేదాలు 4, అగ్నులు 3, చంద్రుడు 1. వీటిని కుడి నుంచి ఎడమకు తిప్పి చదివితే శక సంవత్సరం 1345. దానికి 78 కలిపితే క్రీ.శ. 1423. అంతటితో సరిపోదు. శాసనం చెప్పిన తిథి, వారం, గ్రహణం ఆ ఏడు నిజంగా కుదిరాయా అని పంచాంగ గణితంతో సరిచూడాలి. ఎల్.డి. స్వామికన్ను పిళ్లై కట్టిన పట్టికలు ఈ పనిలో పెద్ద ఆసరా. తిథీ వారమూ కుదరకపోతే చదివినది తప్పో, శాసనమే దొంగదో తేల్చుకోవాలి.

ఈ విద్యలో మా ప్రాంతం మొత్తానికి గర్వకారణం మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు. 1891లో పోడూరు దగ్గరి మినిమించిలిపాడులో పుట్టారు. చదువు మెట్రిక్‌తో ఆగింది. చిలుకూరి వీరభద్రరావు గారి సాహచర్యం చరిత్ర మీద ఆసక్తి కలిగిస్తే, మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావు గారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పని ఆయనకు విశ్వవిద్యాలయమైంది. డిగ్రీ లేని ఆ మనిషే తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించారు.

1323లో కాకతీయుల ఓరుగల్లు పడిపోయింది. తర్వాత రెడ్డిరాజులు నిలదొక్కుకునేదాకా తెలుగునేల మీద ఏం జరిగిందన్నది చాలాకాలం మసకగానే ఉండేది. శర్మగారు ఆ మసకలోకి దిగారు. రాజమండ్రి రెడ్డిరాజు వీరభద్రారెడ్డి భార్య అనితల్లి 1423లో ఇచ్చిన కలువచేరు శాసనం ఉంది. ఆ మసక కాలంలో ఏలిన ముసునూరి ప్రోలయ నాయకుడినీ, అతని తర్వాత 75 మంది నాయకులు కొలిచిన కాపయ నాయకుడినీ అది తలుచుకుంటుంది. కానీ అది జరిగిన వందేళ్లకు రాసిన మాట. వందేళ్ల జ్ఞాపకాన్ని కొట్టిపారేయకూడదు, గుడ్డిగా నమ్మనూకూడదు. మిగతా ఆధారాలతో కలిపి తూచి, 1945లో ‘ఎ ఫర్‌గాటెన్ చాప్టర్ ఆఫ్ ఆంధ్ర హిస్టరీ’ రాశారు. ఆ తర్వాత నేలటూరి వెంకటరమణయ్య గారితో కలిసి విలస తామ్రశాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. కోనసీమలోని విలసను ప్రోలయ స్వయంగా దానమిచ్చిన శాసనం అది, అంటే సమకాలపు సాక్షి. ఆ ప్రోలయ రాజధాని రేకపల్లి మాకు పరాయిది కాదు, ఉత్తరాన ఏజెన్సీ దాటితే గోదావరి ఒడ్డునే.

శర్మగారి 1948 నాటి ‘హిస్టరీ ఆఫ్ ది రెడ్డి కింగ్‌డమ్స్’లో నాకు ఇష్టమైనది యుద్ధాల భాగం కాదు, సంతల భాగం. మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు కొండవీటి రాజు అనపోతారెడ్డి 1358లో శాసనం వేయించి అభయమిచ్చాడు. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది అవచి తిప్పయ్య శెట్టి అనే వర్తకుడికి. ఆ కావ్యంలో చీనా పట్టు, సింహళపు ఏనుగులు, హురుముంజి గుర్రాలు కనిపిస్తాయి. కావ్యాన్నీ శాసనాన్నీ పక్కపక్కన పెట్టి చదవడంలోనే శర్మగారి బలమంతా ఉంది. కవి చెప్పాడు కదా అని ఊరుకోరు, కవి మాటే కదా అని తోసెయ్యరు.

ఇలా రెండు సాక్ష్యాలు కలవడం మా ప్రాంతానికి కొత్త కాదు. క్రీ.శ. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని గ్రీకులో రాసిన టాలెమీ తన భూగోళ గ్రంథంలో ఈ ప్రాంతంలో సలకెనోయ్ అనే జాతినీ, బెనగౌరన్ అనే వాళ్ల పట్టణాన్నీ పేర్కొన్నాడు. ఆ పేర్లు మాత్రమే ఉంటే ఏం తెలిసేది? ఏలూరు, పెదవేగిల్లో దొరికిన రాగిరేకులు శాలంకాయన రాజుల పేర్లు, వేంగీపురం పేరు చెప్పాకే పండితులు రెండింటినీ ముడివేశారు. ఆ పెదవేగి జంగారెడ్డిగూడెం నుంచి ఏలూరు వెళ్లే వైపే ఉంది.

గుంటుపల్లికి వెళ్తే మిట్టమధ్యాహ్నం వెళ్లకండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు రాతిమీద గీతలన్నీ చదునైపోతాయి. పొద్దు వాలుతుండగా వెళ్లండి. ఏటవాలు వెలుతురు పడితే ప్రతి గాడి అంచునా ఒక సన్నని నీడ లేస్తుంది. అప్పుడు రాయి మీద వేలు పెట్టకుండానే, చెక్కిన చెయ్యి ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆగిందో చూడొచ్చు.