ధారావాహికలలో నిర్వహణ సంధి

భరతుడు నాటకానికి అయిదు సంధులు చెప్పినాడు. ముఖసంధిలో నాటిన బీజం మొలచి, మరుగుపడి, చిక్కులలో పడి, చివరకు నిర్వహణ సంధిలో ఫలిస్తుంది. ఆధునిక విమర్శకులు ఈ విభాగాన్ని పాండిత్యప్రదర్శనకే తప్ప వాడుకకు పనికిరానిదిగా చూస్తూ వచ్చినారు. అయితే టెలివిజన్ ధారావాహికను సాహిత్యదృష్టితో పరిశీలించవలసి వచ్చినప్పుడు ఇంతకంటె పనికివచ్చే సాధనం మరొకటి కానరాదు. నవలకు పుటల హద్దు ఉన్నది. నాటకానికి తెర పడక తప్పదు. ధారావాహికకు అటువంటి నిర్బంధం లేదు. ప్రేక్షకులున్నంత కాలం సాగవచ్చును. కనుక ముగింపును నిర్ణయించే అధికారం ఎవరిదన్నదే ఈ ప్రక్రియలో మొదటి ప్రశ్న.

మన దేశంలో ఈ ప్రశ్న 'హమ్ లోగ్'తోనే పుట్టినది. 1984లో దూరదర్శన్‌లో మొదలై 1985 దాకా 156 భాగాలు సాగిన ఆ కథకు రచయిత హిందీ నవలాకారుడు మనోహర్ శ్యామ్ జోషీ. కుటుంబ నియంత్రణ వంటి విషయాలను కథగా చెప్పవలెనన్న సంకల్పం మెక్సికో ధారావాహికలను చూచి కలిగినది. ఆరంభంలో ప్రబోధం చిక్కగాను, కథ పలుచగాను ఉండి జనానికి రుచించలేదు. తరువాత పాళ్ళు మార్చినారు. అణగిమణగి ఉండే తల్లి భాగవంతిని అనుసరించరాని నమూనాగా చూపదలచినారు. ప్రేక్షకులలో ఎందరో ఆమెనే ఆదర్శగృహిణిగా భావించినారు. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ వచ్చి మంచిచెడ్డలు విప్పి చెప్పినా వారి అభిప్రాయం మారలేదు! పాత్ర ప్రాణం పోసుకొన్న తరువాత వ్యాఖ్యానానికి లొంగదు. అయినా జోషీ తన కథను ముగించగలిగినారు.

ఆ తరువాతి దైనిక ధారావాహికలలో ఈ భాగ్యం రచయితకు దక్కడం అరుదు. తెలుగులో వేయి భాగాలు దాటినవి కలవు. సంఖ్యను బట్టి వాటిని ఆక్షేపించడం సులభమే కాని న్యాయం కాదు. ఫలం ఎప్పుడందవలెనో తెలియని రచయిత ఏ పనికీ పర్యవసానం చూపలేడు. అసలు లోపం అక్కడ ఉన్నది. విషం త్రాగిన కోడలు వచ్చే వారానికి లేచి తిరుగుతుంది. పశ్చాత్తాపపడిన అత్త మళ్ళీ కుట్ర పన్నవలెను. లేకున్న రేపటికి కథ లేదు. సంభాషణలు వ్రాసేవారిలో ప్రతిభావంతులు లేకపోలేదు. ఒక్కొక్క సన్నివేశంలో అచ్చమైన నుడికారం వినబడి ఆశ్చర్యం కలుగుతుంది. కాని వారం వారం వచ్చే ప్రేక్షకుల లెక్క వారి కలాన్ని నడుపుతున్నది.

దైనికమైనా, దీర్ఘమైనా కట్టుతప్పని రచనకు జపాను 'ఓషిన్' నిదర్శనం. సుగాకో హాషిదా రచించిన ఈ కథ 1983, 84 సంవత్సరాలలో పావుగంట వంతున 297 భాగాలు ప్రసారమైనది. కుటుంబం కొత్త దుకాణం తెరిచే రోజున వృద్ధురాలైన ఓషిన్ ఎవరికీ చెప్పక ఇల్లు విడిచిపోతుంది. ఇంత సంపాదనలో తాను పోగొట్టుకొన్నదేమిటో తెలుసుకోవలెనని ఆమె తపన. అక్కడినుండి కథ వెనుకకు మరలి, ఒక బస్తా బియ్యానికి ఏడేళ్ళ పిల్లను పరాయి ఇంటి పనికి పంపిన తండ్రి గడపలో ఆగుతుంది. మధ్యలో కష్టాల పోగు ఎక్కువైన మాట నిజమే. అయినా ప్రతి కష్టమూ ఆ మొదటి రోజు ప్రశ్నకు సమాధానంలో భాగం.

హాస్యం సంగతి వేరు. బ్రిటనులో జాన్ క్లీజ్, కానీ బూత్ కలిసి వ్రాసిన 'ఫాల్టీ టవర్స్' 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండు భాగాలతో ఆగినది. హోటలు యజమాని ఆడిన చిన్న అబద్ధం ఒకటికి పదై అరగంటలో అతని నెత్తినే విరుచుకుపడుతుంది. ప్రహసనాలు వ్రాసేవారు ఆ కూర్పును శ్రద్ధగా చదువవలెను.

జీవితానికే లేని నిర్వహణ కథకెందుకని ఆక్షేపణ రావచ్చును. అమెరికాలో 2002 నుండి 2008 దాకా 60 భాగాలుగా వచ్చిన 'ది వైర్' దీనికి గట్టి సమాధానం. కర్త డేవిడ్ సైమన్ పూర్వం బాల్టిమోర్ నగరంలో పత్రికా విలేకరి. ఆయనతో కలిసి పనిచేసిన ఎడ్ బర్న్స్ పోలీసుగాను, ఉపాధ్యాయుడుగాను ఉండి వచ్చినవారు. రిచర్డ్ ప్రైస్, జార్జ్ పెలెకానోస్ వంటి నవలాకారులూ కలం కలిపినారు. మాదకద్రవ్యాల బజారు, ఓడరేవు, నగరపాలన, పాఠశాల, పత్రికాలయం ఒక్కొక్క అంకానికి రంగస్థలం. చివరి అంకంలో పోలీసు అధికారి లేని హంతకుణ్ణి సృష్టించిన ఉదంతం అతుకుగానే మిగిలినది. కాని ముగింపులో రచయితల చేయి తడబడలేదు. బడిలో చూచిన బాలుడు మైకేల్, దొంగలను దోచే ఓమార్ స్థానంలో నిలుస్తాడు. అతని నేస్తం డ్యూకీ మత్తుసూదికి చిక్కినాడు. ఆ మత్తునుండి బయటపడిన బబుల్స్‌ను ఇన్నాళ్ళు నేలమాళిగలోనే ఉంచిన సోదరి పైకి రానిస్తుంది. అతడు భోజనపు బల్ల ముందు కూర్చుంటాడు. స్థానాలు మారలేదు, మనుషులు మారినారు.

పోలండు దర్శకుడు కీష్లోవ్స్కీ, న్యాయవాది పియెసేవిచ్ కలిసి వ్రాసిన 'డెకలాగ్' (1988) మరొక తెరువు త్రొక్కినది. వార్సాలోని ఒకే నివాససముదాయం, పది వేర్వేరు కథలు. మొదటి కథలో కంప్యూటరుతో మంచు మందం లెక్కించి తండ్రి నిశ్చింతగా ఉంటాడు. ఆ మంచు విరిగి కొడుకు మునిగిపోతాడు. అంత దుఃఖంతో మొదలైనది పదవ కథలో తపాలాబిళ్ళల పిచ్చిలో పడిన అన్నదమ్ముల నవ్వుతో ముగుస్తుంది.

నవల తెరకెక్కినప్పుడు నిర్వహణ ఎట్లు మారునో తెలుసుకొనుటకు 'తమస్' చూడవలెను. 1975లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన భీష్మ సాహనీ నవల, 1988లో గోవింద్ నిహలానీ దర్శకత్వంలో దూరదర్శన్‌కు వచ్చినది. ప్రసారం ఆపించదలచినవారికి బొంబాయి హైకోర్టులోను, సుప్రీంకోర్టులోను చుక్కెదురైనది. బీజం మొదటి దృశ్యంలోనే ఉన్నది. పశువుల డాక్టరుకు కావలెనని మభ్యపెట్టి మురాద్ అలీ చర్మకారుడైన నత్థూ చేత పందిని చంపిస్తాడు. తెల్లవారి ఆ కళేబరం మసీదు మెట్లమీద కనిపిస్తుంది. నవల చివర, అల్లర్లు చల్లారిన పిదప, శాంతిసంఘం బస్సులో కూర్చుండి శాంతినినాదాలు పలికేది ఆ మురాద్ అలీయే. విత్తినవాడే వచ్చి పంటను దీవించే ఈ వ్యంగ్యం హిందీ నవలాసాహిత్యంలో అరుదైనది.

ధారావాహిక నత్థూనూ, నిండుచూలాలైన అతని భార్య కర్మోనూ కథాసూత్రంగా చేసుకొని, వారిని హర్నామ్ సింగ్ అనే వృద్ధ సిక్కు దంపతులతో కలిపినది. శరణార్థి శిబిరంలో కర్మో భర్త శవాన్ని చూచి, అక్కడే ప్రసవవేదన పడుతుంది. గుడారంలోనుండి శిశువు ఏడుపు, దూరంనుండి ఉభయమతాల యుద్ధనినాదాలు ఒక్కసారే వినవస్తవి. బయట హర్నామ్ సింగ్ వేషంలో ఆ ధ్వనులను వింటున్నది భీష్మ సాహనీయే.