ముందుమాట: ఆకాశం పలుకు

హోసూరు, కృష్ణగిరి పక్క ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు బళ్లో సైన్సును తెలుగులో చదువుకునే వీలు బాగా తగ్గిపోయింది. అలాంటి చోటు నుంచి రేడియో ఖగోళశాస్త్రం మీద, ఉపగ్రహాల తొలినాళ్ల మీద ఇంత తేటయిన తెలుగులో పుస్తకం రావడం నాకు పట్టరాని సంతోషం. రాసిన అమ్మాయి పంతులమ్మ. ప్రతి సంగతీ పిల్లలకు చెప్పి చూసుకున్నాకే కాగితం మీద పెట్టిందని చదువుతుంటేనే తెలుస్తుంది.

1930ల మొదట్లో అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ, రేడియో ఫోన్‌లో మాటలకు అడ్డొచ్చే గరగర ఎక్కడిదని వెతికి వెతికి, అందులో కొంత పాలపుంత నుంచే వస్తోందని పట్టుకున్నాడు. ఆ రేడియో అల పొడవు సుమారు 14.6 మీటర్లు. 1957 అక్టోబరు 4న ఎగిరిన 83.6 కిలోల తొలి ఉపగ్రహం స్పుత్నిక్ కూతల్లో ఒకటి కూడా 15 మీటర్ల అల మీదే వినిపించింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపాలన్న ఆలోచన నాకెంతో నచ్చింది.

పుస్తకానికి ఆయువుపట్టు మాత్రం ఊటీ అధ్యాయమే. ఊటీ భూమధ్యరేఖకు సుమారు 11 డిగ్రీల ఉత్తరాన ఉంది. రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ బృందం ఉత్తర దక్షిణాలుగా సరిగ్గా అంతే వాలున్న కొండను వెతికి, దాని మీద 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు రేడియో టెలిస్కోపు నిలబెట్టింది. అప్పుడు దాని ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరమవుతుంది. ఆ ఒక్క ఇరుసు మీద తిప్పుతూ ఒకే నక్షత్రం వెంట గంటల తరబడి పోవచ్చు. అద్దం బదులు 1,100 సన్నటి స్టీలు తీగలు చాలాయి. వచ్చే అల 92 సెంటీమీటర్లు. తీగల నడుమ సందులు దానికి లెక్కలోకి రావు. 1970లో పని మొదలెట్టిన ఈ కట్టడం వెనక ఎంత తెలివి, ఎంత పొదుపు ఉన్నాయో ఇంత విడమరిచి చెప్పినవాళ్లను తెలుగులో నేను చూడలేదు.

బెంగుళూరు పీణ్యా షెడ్లలో తయారై 1975 ఏప్రిల్ 19న రష్యా నుంచి ఎగిరిన మన తొలి ఉపగ్రహం ఆర్యభట కథ మనవాళ్లు కొంత ఎరిగిందే, దాన్ని క్లుప్తంగా ముగించడం మంచి పని. హిందూపురం దగ్గరి గౌరిబిదనూరు రేడియో టెలిస్కోపుకు మాత్రం రెండు పేజీలు చాలవు. సిహెచ్. వి. శాస్త్రి వంటివారి శ్రమతో అక్కడ వెయ్యి యాంటెనాలు ‘టి’ ఆకారంలో నిలిచాయి. తూర్పు పడమరలుగా ఒక్క చెయ్యే 1.4 కిలోమీటర్లు. వచ్చే అల దాదాపు 9 మీటర్లు మరి, ఆ మాత్రం పొడవు లేకపోతే ఆకాశం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. మలి ముద్రణలో ఆ భాగం పెంచమని పెద్దవాడిగా అడుగుతున్నాను. అమ్మాయికి నా నిండు దీవెనలు.