దయ ఖాతాలో లేని సంతకం

రాబర్ట్ ఓవెన్‌ను ఊహాలోకపు సోషలిస్టుల జాబితాలో చేర్చి పక్కన పెట్టెయ్యడం మనకు అలవాటైపోయింది. 1813–16 మధ్య అతను వెలువరించిన నాలుగు వ్యాసాలు 'సమాజంపై నూతన దృక్పథం' అనే పుస్తకమయ్యాయి. అది చదివితే కనిపించేది మాత్రం లాభనష్టాలు క్షుణ్ణంగా తెలిసిన మిల్లు యజమాని. కామర్స్ చదివి, ఉద్యోగమంతా బ్యాంకు లెడ్జర్ల మధ్య గడిపినవాణ్ణి కనక నేను దాన్ని ఒక లెక్కల పుస్తకంగానే చదివాను.

స్కాట్లండులో క్లైడ్ నది ఒడ్డున న్యూ లానార్క్ అనే ఊళ్లో డేవిడ్ డేల్ 1786లో నూలు మిల్లు నడపడం మొదలుపెట్టాడు. 1799లో ఓవెన్ భాగస్వాములతో కలిసి దాన్ని కొని, డేల్ కూతుర్ని పెళ్లాడి, 1800లో పెత్తనం చేపట్టాడు. పదేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం మానేశాడు. ఇళ్లు బాగుచేయించాడు. మంచి సరుకు చౌకగా అమ్మే దుకాణం పెట్టి, అందులో మిగిలింది బడికి మళ్లించాడు. అమెరికా పత్తి ఆగిపోయి మిల్లు నిలిచిన నాలుగు నెలలూ పూర్తి కూలి చెల్లించాడు. ఆ కాలానికి ఇవి చిన్న పనులు కావు.

మూడో వ్యాసానికి ముందు తోటి యజమానుల్ని ఉద్దేశించి రాసిన మాటలే పుస్తకానికి గుండెకాయ. ప్రాణం లేని యంత్రాన్ని తుడిచి, నూనె వేసి కాపాడుకుంటారే, ప్రాణమున్న యంత్రాన్ని ఎందుకు పట్టించుకోరని అడుగుతాడు. మనుషుల మీద తాను పెట్టిన ఖర్చు నూటికి 50కి పైగా ఇస్తోందనీ, త్వరలో నూటికి నూరూ ఇస్తుందనీ లెక్క చెబుతాడు. వినేవాడి భాషలోనే వాదించడం తెలిసిన మనిషి!

తమాషా ఏమిటంటే ఈ లెక్కను దగ్గర నుంచి చూసిన అతని భాగస్వాములే దాన్ని నమ్మలేదు. బడికీ సంక్షేమానికీ అంత ఖర్చేమిటని అడ్డుపడ్డారు. ఓవెన్ వాళ్లను వదిలించుకుని, బెంథామ్, విలియం అలెన్ వంటి కొత్తవాళ్లను తెచ్చుకోవలసి వచ్చింది. వీళ్లు నూటికి 5 చాలనీ, మిగతాది కార్మికుల మేలుకు పోవచ్చనీ ఒప్పుకున్నారు. అంటే ఆ ఊరిని నిలబెట్టింది దయ వల్ల లాభమొస్తుందన్న వాదన కాదు, లాభానికి హద్దు గీసిన ఒప్పందం. పుస్తకం కన్నా ఆ ఒప్పందమే ఎక్కువ నిజం చెప్పింది.

ఇక రెండో లోపం. నాలుగు వ్యాసాలకు నాలుగు అంకితాలు: విల్బర్‌ఫోర్స్‌కు, బ్రిటిష్ ప్రజలకు, కర్మాగారాల యజమానులకు, యువరాజుకు. కార్మికుల పేరున ఒక్కటీ లేదు. మనిషి స్వభావాన్ని తీర్చిదిద్దేది అతను కాదు, అతని పరిసరాలు అన్నది ఓవెన్ సిద్ధాంతం. మరి పరిసరాల్ని దిద్దేదెవరు? యజమాని! పనిచేసే ప్రతివాడి దగ్గరా నాలుగు రంగుల చిన్న కొయ్యముక్క వేలాడేది. నిన్నటి నడవడి బాగుంటే తెల్లరంగు, చెడ్డదైతే నల్లరంగు ముందుకు తిప్పేవారు. ఆ తీర్పు తప్పనిపిస్తే ఓవెన్‌కు మొరపెట్టుకోవచ్చు. మొర వినేదీ అతనే.

1819లో ఆ ఊరు చూసిన కవి సౌథీకి ఇదంతా బానిసల తోటలా తోచింది. తేడా పైపై విషయాల్లోనే తప్ప సారంలో అంతగా లేదన్నాడు. దురుసు మాటే. కానీ 1849 నాటికి ఓవెన్ తానే రాశాడు, ఎంత చేసినా ఆ జనం తన దయ మీద బతికిన బానిసలేనని. తన పుస్తకం మీద ఇంత కటువైన విమర్శ రాసుకున్న రచయితలు అరుదు. నాకు అతని మీద గౌరవం పెరిగింది ఆ మాట దగ్గరే.

ఓవెన్ తర్వాత మిగిలిందేమిటి? న్యూ లానార్క్ మిల్లు 1968లో మూతపడింది. ఊరు 2001లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. అతని ఆలోచనల నీడలో 1844లో రోచ్‌డేల్ కార్మికులు పెట్టుకున్న సహకార దుకాణం మాత్రం దేశదేశాలకూ పాకింది. అక్కడ కార్మికుడు ప్రాణమున్న యంత్రం కాదు, ఓటున్న సభ్యుడు.

ఈ తేడా మనకు దూరపు సంగతి కాదు. సోలాపూరులో బీడీలు చుట్టే స్త్రీలు, వారిలో మన తెలుగువాళ్లు ఎందరో, సహకార సంఘంగా ఏర్పడి, ప్రభుత్వ సాయానికి తమ వాటా కలిపి కట్టించుకున్న గోదూతాయి పరులేకర్ కాలనీ 2006లో ప్రారంభమైంది. 10 వేల ఇళ్లు! న్యూ లానార్క్ ఇళ్లంత అందంగా అవి ఉండకపోవచ్చు. కానీ ఆ ఖాతాలో ఉండేవాళ్ల సంతకం ఉంది. ఓవెన్ పుస్తకంలో నాకు కనిపించనిది అదొక్కటే.