తేలితే చాలదు

సర్పి తగ్గాక కూడా వదలని నరాల నొప్పికి గబపెంటిన్ ఇస్తారు. దాన్ని రక్తంలోకి చేరవేసే వ్యవస్థ చిన్నపేగు పైభాగంలో ఉంది. ఆ మోతకు హద్దుంది. ఒక్కసారిగా ఎక్కువ మందు వస్తే కొంతే ఒంటబడుతుంది, మిగతాది కిందికి పోతుంది. బిళ్ళ కడుపులోనే కొన్ని గంటలు ఆగి, మందును కొద్దికొద్దిగా వదిలితే బాగుంటుందన్న ఆలోచన ఇక్కడే పుట్టింది.

మా ఫార్మసీ కాలేజీల్లో ఎం.ఫార్మ్ పిల్లలకు తేలే బిళ్ళలంటే మహా ఇష్టం. మందులో హెచ్‌పీఎంసీ పొడి, కాస్త వంటసోడా కలిపి బిళ్ళ కొడతారు. 37 డిగ్రీల దగ్గర ఉంచిన పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే ముందు మునుగుతుంది. అంచుల్లో సన్నటి బుడగలు లేస్తాయి. పైపొర నానిన సబ్జా గింజలా జిగురుకట్టి ఆ గ్యాసును లోపలే పట్టేస్తుంది. బిళ్ళ ఓ పక్కకు ఒరిగి, మెల్లగా పైకొస్తుంది. చూడముచ్చటగానే ఉంటుంది.

కానీ బీకరుకు ఆకలి వేయదు. ఖాళీ కడుపులో సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి బలమైన అల వచ్చి ఉన్నదంతా పేగులోకి ఊడ్చేస్తుంది. తేలడానికి అప్పుడక్కడ నీళ్ళూ అంతంతే. మనిషి పడుకుంటే పైనేది, కిందేది?

నా మొగ్గు ఉబ్బే బిళ్ళల వైపే. కడుపు దిగువ ద్వారం మామూలుగా 12, 13 మిల్లీమీటర్లు. అంతకు మించి ఉబ్బిన బిళ్ళ తిన్నది అరిగేదాకా ఆగుతుంది. మింగడానికి చిన్నగా ఉండాలి, లోపల పెరగాలి, పనయ్యాక మెత్తబడి దారి వదలాలి. అమెరికాలో 2011లో అనుమతి పొందిన గబపెంటిన్ బిళ్ళ గ్రాలైజ్ ఈ పద్ధతిదే. అయితే ఆగినంత మాత్రాన రోగికి మేలు జరగాలని లేదు. ఇజ్రాయెల్‌కు చెందిన ఇంటెక్ ఫార్మా పార్కిన్సన్స్ మందు లెవోడోపాను మడతపెట్టిన పొరల్లో పెట్టి క్యాప్సూల్ చేసింది. 2019లో చివరి దశ పరీక్షలో అది మామూలు బిళ్ళను మించలేకపోయింది.

గ్రాలైజ్‌ను రాత్రి భోజనంతో వేసుకోమంటారు. ఆ సూచనను నేను ఫార్ములాలో ఒక పదార్థంగానే లెక్కేస్తాను. కడుపులో అన్నం ఉంటే ఆ ఊడ్చే అల ఆగుతుంది. పరగడుపున మింగితే డిజైనంతా దండగ. "పెద్దగా ఉందండీ, విరిచి వేసుకోవచ్చా?" అనేవాళ్ళకు వద్దనే చెప్తాను. సగం ముక్క ఉబ్బినా ద్వారం దాటిపోవచ్చు, విరిగిన వైపు నుంచి మందు త్వరగా బయటపడుతుంది.