దిండు క్రింది పుస్తకము



ఈ దినములలో మీరు సంతోషము కొరకు ఏ పుస్తకము చదువుచున్నారు? పరీక్ష కొరకు కాదు, ప్రసంగము కొరకు కాదు, పిల్లవానికి పాఠము చెప్పుట కొరకును కాదు. పని ముగిసిన తరువాత మీకై మీరు తెరచిన పుస్తకమేది? ఈ ప్రశ్న కాపరి అడిగిన యెడల మన ఊళ్లలో వచ్చు జవాబు ఒక్కటే: "బైబిలు, అయ్యగారూ." ఆ జవాబు అబద్ధమని నేననను. అయితే అది నేనడిగిన ప్రశ్నకు జవాబు కాదు. జంపనిలోను, దాని చుట్టునున్న పల్లెలలోను కాపరి చెప్పుల చప్పుడు వాకిట వినబడగానే పరిశుద్ధ గ్రంథము బల్ల మీదికి వచ్చును, మరియొక పుస్తకము దిండు క్రిందికి పోవును. ఆ రెండవ పుస్తకమును గూర్చియే ఈ నాలుగు మాటలు.

ఎందుకు దాచుచున్నాము? దీనికొక కారణము కలదని నాకు తోచుచున్నది. తెనాలి నుండి రేపల్లె పోవు రైలు దారిలో మన జంపని దాటి, వేమూరు దాటి ముందుకు పోయిన యెడల భట్టిప్రోలు వచ్చును. అక్కడి బౌద్ధ స్తూపములో దొరకిన పేటికల మీది అక్షరములు రెండువేల సంవత్సరములకు పైబడినవి. అక్షరము మన నేలకు అంత పాతది. మన పూర్వులలో అనేకులకు మాత్రము అది నిన్న మొన్న వచ్చినది. 1842లో హయ్యరు దొరగారు గుంటూరు చేరిన తరువాత, మిషను బడులు ఒక్కొక్క పల్లెకు వచ్చిన తరువాతనే మాలపల్లెలోను, మాదిగపల్లెలోను పలక కనబడెను. ఆ అక్షరము మనకు వాక్యము చదువుకొనుటకు, కీర్తన పాడుకొనుటకు ఇయ్యబడెను. కనుక దానితో కథలు చదువుట, అప్పు తెచ్చిన బియ్యముతో పిండివంటలు చేసికొన్నట్లు, మన పెద్దలకు తోచెను. ఆ సంకోచము గౌరవింపదగినదే. అయితే అప్పు ఎన్నడో తీరిపోయినది. బియ్యము మన స్వంతమైనది. సంకోచము మాత్రము మిగిలియున్నది.

ఇక ఆ దిండు క్రింద ఏమేమి ఉండెడివో చూతము. మన తాతల కాలమున కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారి నవలలు ఉండెడివి. ఆయన వేయి నవలలు వ్రాసెనని ప్రసిద్ధి. చిన్న పుస్తకములు, చవుక కాగితము, రైలు స్టేషను దుకాణములలో కొనుట, దిగువరకు చదివి ముగించుట. జంపన చంద్రశేఖరరావుగారును ఆ త్రోవలోని వారే. (ఇంటిపేరు విని ఆయనను మన ఊరికి అంటగట్టకుడి, జంపన వేరు, జంపని వేరు.) పండితులు ఈ నవలల పేరెత్తుటకే ఇష్టపడలేదు. వేయి వ్రాసినవాని పుస్తకములలో వేయియు మంచివి కానేరవు. ఒకటి చదివి రెండవది చదివితిమా, పేర్లు మారిన మొదటిదే అనిపించునవి అనేకము. అయినను బడి మానిన స్త్రీలు, నాలుగవ తరగతితో చదువు ఆగిన కూలివారు వ్రేలు పెట్టకుండ, పెదవులు కదపకుండ, పుట వెంబడి పుట చదువుట నేర్చుకొన్నది ఇట్టి పుస్తకముల వలననే. ఏ వాచకమును ఆ పని ఇంత త్వరగా చేయలేదు.

తరువాత డిటెక్టివు నవలలు వచ్చినవి. వీటిలో పేరెన్నికగన్న కొమ్మూరి సాంబశివరావుగారు మన తెనాలివారే. ఆయన యుగంధరును, సహాయకుడు రాజును ఎరుగని యింటిని మా బాల్యములో వెదకుట కష్టము. వీటిని చదివిన పిల్లలు దొంగలగుదురని భయపడిన తండ్రులు ఉండిరి. ఆ భయమునకు ఆధారమేమియు నాకు కనబడదు. ఈ కథలలో నేరము దాగదు, నిరపరాధి చివరకు విడువబడును, బుద్ధి బలమును జయించును. తప్పు వెదకవలెనన్న నా తప్పు వేరు: హంతకుడెవరో తెలిసిన మరుక్షణమున ఆ పుస్తకము మనలో చనిపోవును. చనిపోయినవాని కొరకు అందులో ఎవరును ఏడ్వరు. అతడు లెక్కలోని ఒక అంకె మాత్రమే. ప్రయాణములో చదువుటకు మంచిదే. రెండవమారు తెరచుటకు కారణముండదు.

యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" విషయము ఇంత సులభముగా తేలదు. 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో వచ్చి, పుస్తకమై, 1976లో చలనచిత్రమై, అద్దె పుస్తకముల దుకాణములలో అట్టలు ఊడునంతగా తిరిగిన నవల అది. ఆడపిల్ల దీనిని చదివిన చెడిపోవునని తల్లులు పొయ్యిలో పెట్టినట్లు ఆ కాలపు స్త్రీలు ఇప్పుడు నవ్వుచు చెప్పుదురు. ఆ తల్లులలో ఎందరు దానిని తామే చదివి పొయ్యిలో పెట్టిరో తెలియదు! ఇందులోని జయంతి పేదపిల్ల. ఉద్యోగము చేసి తన అన్నము తాను తినును. ధనవంతుడైన రాజశేఖరము ఎదుట తల వంచదు. ఆ ఆత్మాభిమానము కొరకే స్త్రీలు దానిని చదివిరి. అది చెడిపోవుట కాదు.

అయితే నేనొక ప్రశ్న అడుగవలసియున్నది. రాజశేఖరముగారి వంటి వారి బంగళాలలో అంట్లు తోమినదెవరు? ఇట్టి నవలలలో కారున్నది, తోటయున్నది, తేనీరు వచ్చును; తెచ్చినవారికి ముఖము లేదు. నాట్లు వేసి వచ్చి, కాళ్లు కడుగుకొని, దీపము క్రింద ఆ పుస్తకము తెరచిన మన సహోదరి, అందులో తన కొరకు వెదకిన యెడల తేనీరు తెచ్చు చేతులు మాత్రమే దొరకును. ఆమె సంతోషించినది, నిజమే. అయితే తాను లేని యింట సంతోషించినది. మన విమర్శ పొయ్యి దగ్గర గాక ఇక్కడ మొదలుకావలెను.

దావీదు నొద్దకు నాతాను వచ్చిన సంగతి మీరెరుగుదురు. ఆయన రాజుకు ప్రసంగము చేయలేదు. గొఱ్ఱెపిల్లను గూర్చి ఒక కథ చెప్పెను. దావీదు దానిని కథగానే వినెను, కథలోని దుర్మార్గుని మీద నిజముగా మండిపడెను, ఆ మీదట ఆ దుర్మార్గుని ముఖము తనదేయని తెలిసికొనెను. ప్రసంగమైన యెడల రాజు ముందే జాగ్రత్తపడియుండును. కథ గనుక తలుపు తీసెను. సంతోషము కొరకు చదువు పుస్తకము చేయగల పని ఇది. కొవ్వలివారి నవలయు, యుగంధరు కథయు, "సెక్రటరీ"యు చేయనిది ఇదే.

మన జిల్లాలలోనే దానిని చేసిన నవల ఒకటి కలదు. బారిష్టరు ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు చెరసాలలో వ్రాసిన "మాలపల్లి". 1922లో వెలువడినది. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను; 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మటనే ఆ బంధకము పూర్తిగా వీడినది. ఊరక కాలక్షేపమునకు వ్రాసిన కథను ఏ ప్రభుత్వమును బంధింపదు. అందులో మాలపల్లె రామదాసు గారి కుటుంబము ఉన్నది; కుమారుడు సంగదాసు, తాను పనిచేయు మోతుబరి చౌదరయ్య చేతిలోనే చనిపోవును; మరియొక కుమారుడు వెంకటదాసు, తక్కెళ్ల జగ్గడను పేర దోపిడికి దిగి, దోచినది పేదలకు పంచి, చెరలో చనిపోవును.

ఇది చదువుటకు సులభమైన పుస్తకమని చెప్పి మిమ్మును మోసగింపను. నడుమ నడుమ కథ నిలిచిపోయి ఉపన్యాసము సాగును. ఆ పుటలు త్వరగా త్రిప్పినను దోషము లేదు. గ్రంథకర్త పల్లెలో పుట్టినవాడు కాడు గనుక రామదాసును మరీ ఓర్పుగలవానిగా చేసెనేమో అనిపించును. కుమారుని పోగొట్టుకొన్న తండ్రి అంత త్వరగా శాంతింపగలడా? ఓర్పును గూర్చి ప్రతి ఆదివారము బోధించు నావంటివానికి ఆ రామదాసును చూచినప్పుడు కలిగినది ఆనందము కాదు, ఇబ్బంది. వెంకటదాసు తండ్రితో వాదించు మాటలకు నా ప్రసంగములలో ఎక్కడ జవాబున్నదని వెదకుకొంటిని. అట్లు వెదకించిన పుస్తకము కాలక్షేపము కాదని ఎవరనగలరు? ఆ రాత్రి నేను దీపము ఆర్పలేదు.

చెరసాల మాట వచ్చినది గనుక మన యిండ్లలో అందరెరిగిన మరియొక చెర పుస్తకమును తలంతము. జాన్ బన్యను బెడ్ఫర్డు చెరలో ఆరంభించి, 1678లో ప్రకటించిన "యాత్రికుని ప్రయాణము". దీనిని బల్ల మీద పెట్టుటకు ఎవరును సిగ్గుపడరు. అయితే బన్యను ఎవరు? పాత్రలకు మాట్లు వేసికొను బీదవాని కుమారుడు. యౌవనములో ఆయన చేతిలోనుండినవి సంతలలో కాసులకు అమ్ము వీరుల కథలు, రాక్షసుల కథలు. మారుమనస్సు పొందిన తరువాత ఆయన వాటిని నిందించెను. కాని యాత్రికుని పట్టి కోటలో వేసిన నిరాశయను రాక్షసుడు ఎక్కడనుండి వచ్చెను? సంత పుస్తకములలోని రాక్షసులకు అతడు చుట్టమే. ఆ కథలు చదువని బన్యను మంచి ప్రసంగీకుడై యుండును. ఈ పుస్తకము మాత్రము మనకు దొరకియుండదు.

ఇప్పుడు గుర్రం జాషువాగారి మాటకు వచ్చెదను. నా మనస్సులోని బరువు ఇక్కడనే యున్నది. ఆయన 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున పుట్టెను. పురాణములను, సంస్కృత కావ్యములను ప్రేమించి చదివెను. దాని ఫలమేమి? ఒక అవధాన సభలో పద్యము చదివినందుకు కులము పేర ఆయనను అవమానించిరి. మన పెద్దలు తక్కువ తినలేదు. క్రైస్తవుడై పుట్టి హిందూ గ్రంథములు చదువుచున్నాడని సంఘము నుండి ఆయనను, ఆయన కుటుంబమును వెలివేసిరని ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుచున్నారు. చదువరీ, ఈ వాక్యమును మరల ఒకమారు చదువుడి. దొంగతనము కాదు, త్రాగుడు కాదు, చదివినందుకు!

పౌలు ఏథెన్సులో నిలువబడి, వారి కవుల మాటనే ఎత్తి వారితో మాటలాడెను. వారి కవిత్వము చదువనివాడు అది చేయగలడా? చెరలో చలికి వణకుచు తిమోతికి వ్రాసినప్పుడు, అంగీతో పాటు పుస్తకములు తెమ్మని కోరెను. మన పెద్దలు ఆ పత్రికను పీఠము మీద అనేకమారులు చదివియుందురు.

వెలివేయబడిన ఆ కవి 1941లో "గబ్బిలము" వ్రాసెను. కాళిదాసుని యక్షుడు మేఘమును పంపెను. జాషువాగారి కథానాయకుడు అంటరానివాడు, అతడు గబ్బిలమును పంపెను. ఎందుకు? కాశిలోని శివుని చెవిలో తన మొర చెప్పవలెను; గుడిలోనికి తాను పోరాదు, గబ్బిలము పోవచ్చును. ఈ యొక్క ఊహలో ఎంత నవ్వున్నది, ఎంత మంట యున్నది! సంస్కృత కావ్యము చదివి ఆనందింపనివానికి ఈ ఊహ పుట్టనే పుట్టదు. మన పెద్దలు ఏ చదువును నేరమనిరో ఆ చదువు నుండియే మనవారి మొర ఇంత బలముగా బయలుదేరినది. 1958లో ఆయనయే "క్రీస్తు చరిత్ర" వ్రాసెను; 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. సంఘము తన కవికి తలుపు మూసిన తరువాత, ఆ కవి క్రీస్తును గూర్చి వ్రాసి మన గుమ్మములో పెట్టి పోయెను. మన ఆలయములలో ఎన్నింటిలో ఆ పుస్తకమున్నది?

దీనికంటె "గబ్బిలము"నే నేను మిన్నగా ఎంచుదును. "క్రీస్తు చరిత్ర"లో కవి భక్తితో నడుచును, "గబ్బిలము"లో తన కాలికి ముల్లు గ్రుచ్చుకొని నడుచును. వేరుగా తలంచువారుందురు, తలంపనియ్యుడి.

ఈ కాలపు పిల్లల దిండు క్రింద పుస్తకము లేదు, ఫోను ఉన్నది. ఒకప్పుడు తెనాలివారైన చక్రపాణిగారు నాగిరెడ్డిగారితో కలిసి 1947లో ఆరంభించిన "చందమామ" మన పిల్లలకు అక్షరముల మీద ఆశ పుట్టించెను. ఆ తెనాలివారే యైన కొడవటిగంటి కుటుంబరావుగారు దానిని ఏండ్ల తరబడి తీర్చిదిద్దిరి. ఆ పత్రిక ఇప్పుడు ఆగిపోయినది. కనుక మంచి పుస్తకమా, చెడ్డ పుస్తకమా యని పిల్లల చేతినుండి లాగుకొను కాలము కాదిది. పిల్ల నవల చదువుచు పట్టుబడిన యెడల, అమ్మా, ముందుగా దేవునికి స్తోత్రము చెప్పి, కథ ఏమిటని అడుగుడి. కథ చెప్పించుకొన్న తల్లికి ఆ పుస్తకము మంచిదో కాదో వేరుగా ఎవరును చెప్పనక్కరలేదు.

పుస్తకములు కొనుటకు డబ్బెక్కడిదందురా? 1935లోనే పాతూరి నాగభూషణముగారు మన తెనాలి ప్రాంతపు పెదపాలెము నుండి కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయము నడిపి, పుస్తకమును పల్లె రేవునకు తెచ్చిరి. ఇప్పుడు పడవ రాదు. అయితే మీరు కట్టు ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకము కట్టుచునే యున్నారు. ఆ డబ్బు మీది. దగ్గరి శాఖా గ్రంథాలయమునకు పోయి "మాలపల్లి" అడుగుడి, "గబ్బిలము" అడుగుడి. లేదన్న యెడల తెప్పింపవలెనని కాగితము మీద వ్రాసియిచ్చి రండి. పద్యము మనకు నోరు తిరుగదని భయపడకుడి. హరిశ్చంద్ర నాటకములో కాటిసీనునందు జాషువాగారి పద్యములు రాగము తీసి పాడిన పెద్దవాడొకడు మీ ఊరిలో ఇంకను ఉండవచ్చును. భోజనములైన తరువాత ఆయనను అరుగు మీద కూర్చుండబెట్టి, పుస్తకము చేతికిచ్చి చదివించుకొనుడి.