గోడకు ఇక్కత్ రైక

మా మేనత్త బతుకమ్మ పాటలు రికార్డు చేద్దామని నల్లగొండలో మా ముందుగదిలో మైకు పెట్టాను. తిరిగి వింటే అత్త గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. పైన స్లాబు, కింద షాబాదు బండలు, చుట్టూ నున్నటి గోడలు. చప్పట్లు కొడితే ఆ చప్పుడు బయటికి దారి దొరకనట్టు గోడ నుంచి గోడకు తిరిగింది.

ముందు గొంగడి వేలాడదీశాను. ఉన్ని పోగుల సందుల్లో కదిలే గాలి రాపిడికి శబ్దం వేడిగా మారిపోతుంది. కానీ పలచటి పొరకు లొంగేది సన్నటి ధ్వనులే. ‘స’లు మెత్తబడ్డాయి, మోత మిగిలింది. 1895లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే వాలెస్ సబీన్‌కూ ఒక లెక్చర్ హాలుతో ఇదే తంటా. పక్క థియేటర్ సీట్ల దిండ్లు మోయించి పరుస్తూ, మోత ఎన్ని సెకన్లకు అణుగుతోందో రాత్రుళ్లు కొలిచాడాయన.

పలచటి గొంగడి చాలదని, వడ్రంగితో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చట్రాలు నాలుగు చేయించాను. లోపల రెండంగుళాల మందాన రాక్‌వూల్ అనే రాతిపీచు. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా దాన్ని ముట్టుకుంటే దురదే. గోడకు ఆనించకుండా రెండంగుళాల సందు వదిలితే ఇంకాస్త లావు ధ్వనులూ లొంగుతాయి.

ఇక పైబట్ట. దుకాణంలో రెక్సిన్ చూపించారు. నోటికి అడ్డం పెట్టి ఊదాను. గాలి దాటలేదు. గాలి దాటని బట్ట గొంతును మళ్లీ గదిలోకే తోసేస్తుంది. పోచంపల్లి నూలు ఇక్కత్ మాత్రం ఊపిరిని హాయిగా పోనిచ్చింది.

ఒక మూల నుంచి బట్టను బిగలాగి పిన్నులు కొట్టుకుంటూ పోయాను. ఎత్తి చూస్తే డిజైన్ గళ్లన్నీ ఒరిగిపోయాయి. నేతింట్లో పుట్టిన మిత్రుడు నవ్వాడు: “ఒక్కదిక్కే గుంజితే గట్లనే వంకర పోతది. నడుమ ఒకటి కొట్టు, ఎదురుంగ ఒకటి కొట్టు, ఆనంక మూలలకు పో.”

ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దుతారు. మగ్గం మీద పోగూ పోగూ సరిచూసుకుని నేసిన గడిని నేను ఒక్క గుంజుతో చెడగొట్టాను. పిన్నులన్నీ పీకి, నాలుగు నడుములతో మొదలుపెట్టి, రెండు వేళ్ల ఎడంతో మూలలకు వెళ్లాను. మూలలో మిగిలిన బట్టను కిరాణా కొట్టువాడు పొట్లం మూసినట్టు మడిచి వెనక్కి తిప్పాను. ఈసారి గళ్లు నిటారుగా నిలిచాయి.

వీధిలో బండ్ల చప్పుడు మాత్రం ఆగలేదు. బయటి శబ్దాన్ని ఆపడం ఈ పలకల పని కాదు. అత్త మళ్లీ మైకు ముందు కూర్చుంది. పాట ఎత్తుకోబోతూ గోడ వైపు చూసింది.

“గోడకెందుకురా గింత మంచి బట్ట? నాకిస్తే రైక కుట్టించుకుందును గద!”

అదీ రికార్డయింది. పక్కనే కూర్చుని దెప్పినంత స్పష్టంగా.