శంఖం ఊదేవాడి బాధ్యత

‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అని మనకొక సామెత ఉంది. ప్రయోజనం లేని ప్రయత్నాన్ని గురించి చెప్పటానికి దాన్ని వాడుతుంటాం. ఈ సామెతలో దోషి ఎవరు? వినలేనివాడేనని సామెత ముందే తీర్పు చెప్పేసింది. ఎదుటివాడికి వినపడదని తెలిసి కూడా శంఖమే ఎందుకు ఊదావు, దాన్ని కింద పెట్టి చెప్పవలసింది చేతులతో ఎందుకు చెప్పలేదు అని ఊదినవాణ్ణి అడిగినవారు లేరు. చెవిటి బిడ్డను గురించి వచ్చిన రచనలనూ చిత్రాలనూ పరిశీలించటానికి ఇంతకంటే మంచి గీటురాయి నాకు కనపడలేదు. ఒక రచన ఊదేవాడి పక్షాన నిలబడి జాలిపడుతున్నదా, లేక శంఖం కింద పెట్టమని అతణ్ణి అడుగుతున్నదా? ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్నది ఇదే. ‘బధిరుడు’ అని సంస్కృతం చేసినంత మాత్రాన చూపు మారదు గనక ‘చెవిటి’ అనే తెలుగు మాటనే వాడుతున్నాను.

మొదట ఒక వాస్తవాన్ని గుర్తుంచుకోవాలి. చెవిటి పిల్లల్లో పదింట తొమ్మిదిమందికి పైగా వినగల తల్లిదండ్రులకే పుడుతున్నారు. తక్కిన పిల్లలకు భాష తల్లి ఒడిలో అడక్కుండానే వస్తుంది. ఈ పిల్లలకు ఒడి ఉంటుంది, ప్రేమ ఉంటుంది, భాష మాత్రం చేరదు. బిడ్డకు సహజంగా అందగలది కంటితో చూసే భాష. తల్లికి వచ్చినది చెవితో వినే భాష. మాతృభాష అనే మాట ఇక్కడ తలకిందులవుతుంది. తల్లే బిడ్డ కోసం ఒక భాషను ఓనమాల నుంచి నేర్చుకోవాలి. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ దగ్గరకు, బలం ఉన్నవాళ్ళు లేనివాళ్ళ దగ్గరకు నడిచి వెళ్ళవలసిన పరిస్థితి ఇది. కథకుడికి ఇంతకంటే సంఘర్షణ నిండిన వస్తువు ఏం కావాలి?

అయినా మన వెండితెర ఈ వస్తువును పక్కన పెట్టే నడిచింది. 1976లో వచ్చిన ‘సిరిసిరిమువ్వ’ కథానాయికకు మాట లేదు గాని వినికిడి ఉంది. కనకనే ఆమె లయకు నర్తించగలిగింది. ఆ చిత్రం కళావిలువలను తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. కాని మౌనం అక్కడ ఆమె అందానికీ ఓర్పుకూ ఆభరణమైంది. ఆమెతో మాట్లాడటానికి చుట్టూ ఉన్నవారు ఏం నేర్చుకోవాలన్న ప్రశ్న కథకు కేంద్రం కాలేదు.

దానికి నాలుగేళ్ళ ముందు, 1972లో, గుల్జార్ తీసిన ‘కోషిష్’ చాలా ముందుకు వెళ్ళింది. చెవిటి దంపతుల సంసారాన్నీ వారి సైగల సంభాషణనూ గౌరవంతో చూపిన చిత్రమది. అందులో ఒక సన్నివేశం ఉంది. పసివాడి ముందు గిలక్కాయ ఆడిస్తే వాడు పట్టించుకోడు. తమలాగే వీడికీ వినపడదేమోనని తల్లిదండ్రులు హడలిపోతారు. తీరా చూస్తే లోపం బిడ్డలో లేదు, గిలక్కాయలోనే గింజలు లేవు. ప్రేక్షకులంతా ఊపిరి పీల్చుకుంటారు. సన్నివేశ నిర్మాణం గొప్పది. కాని విమర్శకుడు అక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి: మనం దేనికి ఊపిరి పీల్చుకున్నాం? ఒకవేళ ఆ బిడ్డకు వినపడకపోతే, పుట్టిన నాటి నుంచే వాడితో వాడి భాషలో మాట్లాడగల తల్లిదండ్రులు ఆ ఇద్దరే గదా! వారి భయానికి వారు పడ్డ కష్టాలు కారణం, నిజమే. చిత్రం ఆ భయాన్ని చూపింది. బిడ్డకు వినపడటమే సుఖాంతమన్న మన నమ్మకాన్ని మాత్రం కదిలించలేదు.

ఆ నమ్మకాన్ని నేరుగా ఎదుర్కొన్న పుస్తకం 1978లో అమెరికాలో వెలువడిన ‘డెఫ్ లైక్ మీ’. రచయితలు థామస్ స్ప్రాడ్లీ, జేమ్స్ స్ప్రాడ్లీ అన్నదమ్ములు. థామస్ ఆ బిడ్డకు తండ్రి, జేమ్స్ మానవశాస్త్రవేత్త. 1964–65లో అమెరికాలో రుబెల్లా చెలరేగి, దాని ఫలితంగా సుమారు 20,000 మంది శిశువులు ఏదో ఒక లోపంతో పుట్టారు. వారిలో వేలమందికి చెవుడు. థామస్ కూతురు లిన్ ఆ పిల్లల్లో ఒకతె. బిడ్డతో నోటితోనే మాట్లాడండి, సైగలు చేయకండి, చేస్తే ఆమెకు మాటలు రావు అని నిపుణులు చెప్పారు. తల్లిదండ్రులు ఆ సలహాను వ్రతంలా పాటించారు. పెదవుల కదలిక చూడమన్నారు, ఒక్కొక్క మాటను మళ్ళీ మళ్ళీ చెప్పారు. ఏళ్ళు గడిచాయి. ఇంట్లో ప్రేమ ఉంది, శ్రమ ఉంది, సంభాషణ మాత్రం లేదు. చివరకు చెవిటి పెద్దవారితో పరిచయమై, సైగలు నేర్చుకోవటం మొదలుపెట్టాకనే ఆ ఇంట్లో బిడ్డతో మాటలు సాగాయి. అప్పటికి లిన్‌కు సుమారు ఐదేళ్ళు.

ఈ పుస్తకంలో దుర్మార్గులు లేరు. దాని బలం అక్కడే ఉంది. తల్లిదండ్రులు బిడ్డను ప్రేమించారు, నిపుణులు మేలు కోరారు, ఆ మేలు కోరేవాళ్ళ మధ్యనే బిడ్డ భాష లేకుండా పెరిగింది. వ్యవస్థ చేసే తప్పును ఒక విలన్ నెత్తిన పెట్టటం సులభం. మంచివాళ్ళ చేతుల మీదుగా తప్పు ఎలా నడుస్తుందో చూపటం కష్టం. వాస్తవికతను కోరుకునే మన కథకులు ఈ పుస్తకం నుంచి నేర్చుకోవలసింది ఇది.

ఆ సలహా ఎక్కడి నుంచి వచ్చింది? 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో చెవిటి పిల్లల విద్యపై అంతర్జాతీయ మహాసభ జరిగి, నోటిమాట పద్ధతే శ్రేష్ఠమని తీర్మానించింది. ప్రతినిధులు దాదాపు అందరూ వినగలవారే. ఆ తీర్మానాల ప్రభావంతో ఎన్నో దేశాల బడుల్లో సైగలను వెలివేశారు, చెవిటి ఉపాధ్యాయులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 80 ఏళ్ళ తర్వాత, 1960లో, విలియం స్టోకీ అమెరికా సంజ్ఞాభాషను విశ్లేషించాడు. చేతి ఆకారం, చెయ్యి నిలిచే చోటు, దాని కదలిక అనేవి మన అచ్చులూ హల్లుల్లా కలిసి పదాలవుతాయని చూపించాడు. సంజ్ఞాభాష అంటే నోటి భాషకు చేతులతో చేసిన అనువాదం కాదు; దానికి దాని వ్యాకరణం ఉంది. మన భారతీయ సంజ్ఞాభాషలో ఏమిటి, ఎక్కడ వంటి ప్రశ్నపదాలు సాధారణంగా వాక్యం చివర వస్తాయి. మిలాన్ తీర్మానాలకు 2010లో వాంకూవర్‌లో జరిగిన మహాసభ విచారం ప్రకటించింది. అంటే తప్పు దిద్దుకోవటానికి 130 ఏళ్ళు పట్టింది. లిన్ పోగొట్టుకున్న తొలి ఏళ్ళు ఆ లెక్కలోనివే.

‘డెఫ్ లైక్ మీ’కి లోపాలు లేకపోలేదు. కథ తండ్రి గొంతులో నడుస్తుంది. తల్లిదండ్రుల ఆవేదన తెలిసినంతగా, భాష లేని ఆ ఏళ్ళలో బిడ్డ మనసులో ఏం జరిగిందో మనకు తెలియదు. పేరు మాత్రం బిడ్డ వైపు నుంచి పెట్టారు, ‘నాలాగే చెవుడు’ అని. 1985 ముద్రణలో లిన్ స్వయంగా రాసిన చివరిమాట చేరింది. పుస్తకానికి దాని కథానాయిక గొంతు ఏడేళ్ళు ఆలస్యంగా వచ్చిందన్నమాట. ఎవరి కథ, ఎవరు చెబుతున్నారు అన్న ప్రశ్న తల్లిదండ్రుల ప్రేమతో రద్దు కాదు. పైగా అది సలహాల కోసం తిరగగలిగిన, పుస్తకాలు చదవగలిగిన మధ్యతరగతి కుటుంబం కథ.

చదువూ డబ్బూ ఉన్నంత మాత్రాన చాలదని 2017లో వచ్చిన ఇరవై నిమిషాల బ్రిటిష్ చిత్రం ‘ది సైలెంట్ చైల్డ్’ చూపింది. రాసి నటించినది రేచెల్ షెంటన్, దర్శకుడు క్రిస్ ఓవర్టన్. 2018లో ఆస్కార్ బహుమతి పొందింది. చెవిటి పాత్రను చెవిటి పాపే పోషించింది. నాలుగేళ్ళ లిబ్బీకి ఇంటికి వచ్చిన ఒక సామాజిక కార్యకర్త సైగలు నేర్పుతుంది. పిల్ల ముఖం విప్పారుతుంది. తల్లి మాత్రం ఆ పాఠాలు ఆపించి, నోటిమాటనే నమ్ముకుని పిల్లను బడికి పంపుతుంది. ఆ ఇంట్లో దేనికీ లోటు లేదు. బిడ్డే మారాలి గాని తాము మారనక్కరలేదన్న నమ్మకం ఒక్కటే అడ్డం. స్ప్రాడ్లీల ఇంట్లో పెద్దలు మారారు, కథ ఆశతో ముగిసింది. ఇక్కడ మారలేదు, బడి ఆవరణలో పిల్ల ఒంటరిగా మిగిలింది. ఈ రెండు ముగింపుల మధ్య తేడా బిడ్డల వినికిడిలో లేదు.

ఇక మన సంగతి. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవారు దేశంలో సుమారు 50 లక్షలు. సంజ్ఞాభాష వచ్చిన ఉపాధ్యాయులను నియమించాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2018లో అది 3,000 పదాల నిఘంటువు తెచ్చి, తర్వాత దాన్ని 10,000 పదాలకు పెంచింది. కొందరు పిల్లలకు ప్రభుత్వ పథకాల కింద కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స కూడా జరుగుతున్నది. దాన్ని కాదనవలసిన పని లేదు. కాని యంత్రం అమర్చిన మరునాడే భాష రాదు. ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి, బ్యాటరీలు కావాలి, మరమ్మతులు కావాలి. అంతవరకూ బిడ్డను భాష లేకుండా కూర్చోబెట్టటం న్యాయం కాదు.

ఈ మాటలు రాసే అర్హత నాకు సులభంగా రాలేదు. కొన్నేళ్ళ కిందట నా ఆరో తరగతిలో ఒక చెవిటి పిల్లవాడు చేరాడు. తండ్రిది తాపీపని, తల్లి మిరపకోతలకు పోయేది. వాడి దస్తూరీ ముత్యాలకోవ. నేను బోర్డు మీద రాసిన పద్యాన్నీ తాత్పర్యాన్నీ ఒక్క దీర్ఘం పోకుండా ఎక్కించేవాడు. నేను మురిసిపోయి మార్కులు వేసేవాణ్ణి, అదే దయ అనుకునేవాణ్ణి. ఒకనాడు ఆ తల్లి వచ్చి, “సారూ, వీడు రాసిందాంట్లో ఒక్క ముక్కయినా వీడికి ఎరికేనా?” అని అడిగింది. వాడి నోటుపుస్తకంలో ‘చెట్టు’ అన్న మాట మీద వేలు పెట్టి, ఏదీ చూపించమని సైగ చేశాను. ఎదురుగా కిటికీలో వేపచెట్టు ఉంది. వాడు ఆ మాటనే దాని కింద మరింత అందంగా రాశాడు.

ఆ తల్లికీ బిడ్డకూ మధ్య కొన్ని ఇంటి సైగలున్నాయి. బొట్టు చోట వేలు పెడితే అమ్మ, తాపీ తిప్పినట్టు చేస్తే నాన్న. తిండికీ నిద్రకూ పనికీ అవి సరిపోయేవి. నిరుడు చచ్చిపోయిన తాత ఎక్కడికి పోయాడో చెప్పటానికి సరిపోలేదు. “నేర్పేవాళ్ళుంటే నేనూ నేర్చుకుంటా. కూలి పోకుండా ఎప్పుడు నేర్పుతారు సారూ?” అన్నది ఆమె. మన చట్టానికీ మన కథలకూ కూడా వేయవలసిన ప్రశ్న అది. మరుసటి ఏడు ఆ పిల్లవాణ్ణి వేరే జిల్లాలోని ప్రత్యేక పాఠశాలలో వేశారు. సంక్రాంతికి వచ్చినప్పుడు అందరికీ సైగ పేర్లు పెట్టాడు. నా పేరు బోర్డు మీద రాస్తున్న చెయ్యి. వాడి వైపు వీపు పెట్టే గదా నేనా ఏడాదంతా రాసింది!

మన భాషావేత్తల్లో ఈ మార్గం నడిచి చూపినవారు లేకపోలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవర పిల్లలకు తెలుగు రాదని విసుక్కోలేదు. తానే వాళ్ళ దగ్గరకు వెళ్ళి సవర నేర్చుకున్నారు, వాళ్ళ భాషలో వాచకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆ మన్యంలో తిరుగుతూ మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి పోగొట్టుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన చిత్రపటానికి దండ వేసే మనం, బిడ్డ భాషను పెద్దలు నేర్చుకోవాలన్న ఆయన ఆచరణను చెవిటి పిల్లల దాకా ఎందుకు తీసుకురాలేదు?

కనక చెవిటి బిడ్డను గురించి రాయబోయే యువ రచయితలకు నా మనవి ఇది. ఆ బిడ్డను మౌనానికి ప్రతీకగా వాడుకోకండి. కన్నీళ్ళతో కథ ముగించకండి. ముందు ఒక చెవిటి మనిషి దగ్గర నాలుగు నెలలు కూర్చుని నేర్చుకోండి. పగలంతా కోతకు పోయి, రాత్రి దీపం కింద బిడ్డ చేతుల్ని చూసి ఒక్కొక్క పదమే పట్టుకునే తల్లిని మీ కథలోకి తీసుకురండి. ఆమె తప్పులు చేస్తుంది, బిడ్డ నవ్వి ఆమె వేళ్ళు సరిచేస్తాడు. మన సాహిత్యంలో నేనింకా చదవని సన్నివేశం అదే.